పెట్టెలో దొరికిన పాత రిమ్‌ఫైర్ రివాల్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఇల్లు కూలగొట్టేటప్పుడో, తాతగారి ట్రంకు పెట్టె తెరిచినప్పుడో ఓ చిన్న రివాల్వర్ బయటపడుతుంది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ వస్తుంది. నేను విశాఖలో ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పాత ఆయుధాల మీద ఇష్టంతో చదువుకుంటూ, చూస్తూ నేర్చుకున్నాను. వన్‌టౌన్ నుంచి చేసినా, మహారాణిపేట నుంచి చేసినా, భీమిలి నుంచి చేసినా అడిగేవి ఇవే ప్రశ్నలు. అందుకే జవాబులు రాసి పెడుతున్నాను. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## దొరికిన రోజు

ఇప్పుడే పెట్టెలో కనిపించింది. ముందు ఏం చెయ్యాలి?

చేత్తో తీయకముందే, ఉన్నది ఉన్నట్టుగా ఫోన్‌లో ఫోటో తీయండి. పెట్టె, దాని చుట్టూ ఉన్న కాగితాలు, గుడ్డ అన్నీ ఫోటోలో పడాలి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేయండి. తర్వాత, లోపల తూటా ఉందనే అనుకుని మసలుకోండి. ట్రిగ్గర్ జోలికి వెళ్లొద్దు, వెనకాల ఉన్న హామర్‌ని లాగి చూడొద్దు.

"వందేళ్ల నాటిది, ఇంకేం పేలుతుంది" అని చాలామంది అంటారు. దయచేసి ఆ మాట నమ్మకండి. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యలో ఉండదు, అంచు చుట్టూ ఉంటుంది. ఈ పాత చిన్న రివాల్వర్లలో హామర్ దించి ఉంటే దాని ముక్కు నేరుగా తూటా అంచు మీదే ఆని ఉండొచ్చు. అలాంటప్పుడు చేయి జారి నేల మీద పడితే చాలు.

తూటా ఉందో లేదో పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. ముందు నుంచి చూడకండి. తూటాలు పెట్టే గుండ్రటి భాగమే సిలిండర్. దానికీ దాని వెనకున్న పలకకీ మధ్య సన్నని సందు ఉంటుంది. టార్చి వేసి అందులోకి చూడండి. రాగి రంగులోనో ఇత్తడి రంగులోనో సన్నని గీత కనిపిస్తే తూటా ఉన్నట్టే. అది పేలిపోయిన ఖాళీ డొక్కు కూడా కావచ్చు. కానీ ఆ తేడా ఇంట్లో కూర్చుని తేల్చే పని పెట్టుకోవద్దు.

లోపల తూటాలు ఉన్నట్టున్నాయి. పెన్సిల్‌తో నెట్టి తీసేయొచ్చా?

వద్దు. మేకుతో పొడవడం, నూనె పోసి నానబెట్టడం, వేడి చేయడం ఏదీ వద్దు. దాన్ని ఉన్నచోటే ఉంచి, గది తలుపు వేసి, మీ పోలీస్ స్టేషన్‌కి గానీ 112కి గానీ ఫోన్ చేసి "పాత రివాల్వర్ దొరికింది, లోపల తూటాలు ఉన్నట్టున్నాయి" అని ఆ మాటే చెప్పండి. విడిగా తూటా ఒక్కటి దొరికినా అంతే. లైసెన్సు లేకుండా తూటా దగ్గర పెట్టుకోవడాన్ని కూడా చట్టం నేరంగానే చూస్తుంది.

పోలీసులకి చెబితే నా మీదే కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

ఈ భయం నాకు అర్థమవుతుంది. దొరికిన పది మందిలో తొమ్మిది మందిని ఆపేది ఇదే. కానీ దాచిపెట్టిన ప్రతి రోజూ మీ పరిస్థితిని ఇంకాస్త కష్టం చేస్తుంది. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు ఉంది. అదే చట్టంలోని 21వ సెక్షన్, ఏ కారణంతోనైనా ఆయుధం ఉంచుకునే హక్కు పోయినవాడు దాన్ని అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమ చేయాలంటుంది. అంటే జమ చేసే దారిని చట్టమే చూపించింది.

చేతిలో కాగితం పెట్టుకుని వెళ్లండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పెట్టెలో, ఎవరి ఎదుట దొరికిందో ఒక పేజీలో రాసి, ఫోటోలు, పెద్దాయన మరణ ధ్రువపత్రం నకలు జత చేయండి. ముందు ఒక వకీలుతో మాట్లాడితే ఇంకా మంచిది. ఆయుధాన్ని మోసుకెళ్లకుండా, మొదట కాగితంతో వెళ్లి, ఎలా తెమ్మంటారో అడగండి. జమ చేశాక రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. అందులో సీరియల్ నంబరు, బ్యారెల్ పొడవు, పిడి ఏ చెక్కో రాయించుకోండి. ఆ వివరాలు లేకపోతే, రేపు తిరిగి తీసుకునే రోజున అది మీదేనని చూపడం కష్టం.

బండి డిక్కీలో పెట్టుకుని మీ ఇంటికి తెస్తే చూసి చెబుతారా?

చూడను. దారిలో జగదాంబ దగ్గర చెకింగ్‌లో దొరికితే మీకూ నాకూ జవాబు ఉండదు. ఫోటోలు చాలు. ఎడమ వైపు, కుడి వైపు, పైన, పిడి అడుగు, సిలిండర్ చుట్టూ తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయాలి.

## అసలు ఇదేమిటి?

రిమ్‌ఫైరో కాదో ఎలా తెలుస్తుంది?

హామర్ ముక్కు చూడండి. సెంటర్‌ఫైర్ అయితే, అంటే నిప్పు పుట్టించే మందు తూటా అడుగున మధ్యలో ఉండే రకమైతే, ముక్కు సూదిలా ఉండి ఛాంబర్ (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రం) నడిమధ్యకి వస్తుంది. రిమ్‌ఫైర్ అయితే ఉలి అంచులా బల్లపరుపుగా ఉండి ఛాంబర్ పై అంచుకి తగులుతుంది. అంతే తేడా. వెనక పలకలో హామర్ దూరే కంత ఎక్కడుందో చూసినా ఇదే తెలుస్తుంది.

మన దగ్గర బయటపడే వాటిలో మూడో రకం కూడా ఉంది, అది పిన్‌ఫైర్. సిలిండర్ వెనక అంచు మీద ప్రతి ఛాంబర్‌కీ ఒక చిన్న గాటు ఉంటే, తూటాలోంచి పైకి పొడుచుకొచ్చే మేకు కోసం వదిలిన చోటు అది. బెల్జియంలో, ఫ్రాన్స్‌లో ఇవి విపరీతంగా తయారయ్యాయి. పిన్‌ఫైర్‌ని రిమ్‌ఫైర్ అనుకుని ధరలు చూసుకుని ఆశపడ్డవాళ్లు ఉన్నారు, కాబట్టి ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి.

ట్రిగ్గర్ చుట్టూ రింగు లేదు. విరిగిపోయిందా?

విరగలేదు, దాని తయారీయే అంత. దీన్ని స్పర్ ట్రిగ్గర్ అంటారు. ఫ్రేము, అంటే రివాల్వర్ చట్రం, కిందికి ఒక చిన్న ఒరలాగా వచ్చి, అందులోంచి ట్రిగ్గర్ కొన మాత్రం కనిపిస్తుంది. 1860ల నుంచి 1880ల దాకా జేబు రివాల్వర్లలో మామూలు పద్ధతి ఇది. అయితే స్పర్ ట్రిగ్గర్ ఉన్నంత మాత్రాన రిమ్‌ఫైర్ అని తేలిపోదు. అదే రూపంలో సెంటర్‌ఫైర్‌వి కూడా చేశారు.

బ్యారెల్ పైకి మడత పడుతోంది. ఇది ఏ కంపెనీది?

బ్యారెల్ కింద చిన్న గొళ్లెం ఉండి, అది వదిలితే బ్యారెల్ పైకి లేచి, సిలిండర్ చేతిలోకి వచ్చేస్తుంటే, అది అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ తొలి రివాల్వర్ల పద్ధతి. ఖాళీ డొక్కుల్ని తోయడానికి వేరే కడ్డీ ఉండదు. బ్యారెల్ కిందే ఒక పుల్ల బిగించి ఉంటుంది, సిలిండర్‌ని చేత్తో దానికి గుచ్చి ఒక్కో డొక్కునీ బయటికి నెట్టేవారు.

ఇందులో మీరు చూడాల్సింది తరం. మోడల్ నంబర్ 1 అనేది 1857లో వచ్చింది. ఏడు తూటాలు, పాయింట్ 22 షార్ట్, అంటే దాదాపు 0.22 అంగుళాల లావున్న పొట్టి తూటా. రిమ్‌ఫైర్ తూటాతో పేలే రివాల్వర్‌గా జనంలోకి వెళ్లిన మొదటిది ఇదే. 1857 నుంచి 1860 దాకా చేసిన మొదటి ఇష్యూకి, అంటే మొదటి తరానికి, ఇత్తడి ఫ్రేము, దాని పక్కలు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, పక్క మూత చిన్నగా గుండ్రంగా ఉంటుంది. అవి దాదాపు 12 వేలు మాత్రమే. 1860 నుంచి 1868 దాకా వచ్చిన రెండో ఇష్యూలో కూడా ఇత్తడే, కానీ పక్కలు చదునుగా, మూత పెద్దగా ఉంటుంది. 1868 తర్వాత మూడో ఇష్యూలో ఫ్రేము ఇనుముది, సిలిండర్ మీద పొడుగు గాడులు, పిడి చివర పక్షి తలలా గుండ్రంగా ఉంటుంది. రెండో, మూడో ఇష్యూలు ఒక్కొక్కటీ లక్షకు పైగా తయారయ్యాయి.

ఒక అయస్కాంతం దగ్గరకి పెడితే సగం పని అయిపోతుంది. పైన వెండి పూత ఎంత నల్లబడినా కింద ఇత్తడి అయితే అయస్కాంతం పట్టదు. ఆరు తూటాలు, ఇనుప ఫ్రేము, పాయింట్ 32 అయితే అది 1861లో మొదలైన మోడల్ నంబర్ 2. అమెరికా అంతర్యుద్ధంలో ఆఫీసర్లు తమ డబ్బుతో కొనుక్కుని జేబులో పెట్టుకున్నది అదే.

సిలిండర్ మీద 1855 అని ఉంది. అంటే 1855లో తయారైనట్టేనా?

కాదు. అది పేటెంట్ తేదీ. రోలిన్ వైట్ అనే ఆయన 1855 ఏప్రిల్ 3న ఒక పేటెంట్ తీసుకున్నాడు. సిలిండర్‌లో రంధ్రం ముందు నుంచి వెనక దాకా దూసుకుపోయి, తూటాని వెనక నుంచి పెట్టే ఏర్పాటు అందులో ఉంది. ఈ రోజు వింటే ఇంత మామూలు విషయానికి పేటెంటా అనిపిస్తుంది గానీ, లోహపు తూటా రివాల్వర్ చేయాలంటే అది తప్పనిసరి. స్మిత్ అండ్ వెస్సన్ 1856లో ఆ హక్కు తీసుకుని, ఒక్కో రివాల్వర్‌కి పాతిక సెంట్లు ఆయనకి కట్టింది. ఆ పేటెంట్ 1869లో ముగిసే దాకా అమెరికాలో మిగతావాళ్ల చేతులు కట్టేసినట్టయింది. అందుకే 1869 తర్వాత ఒక్కసారిగా ఎక్కడ చూసినా చిన్న రిమ్‌ఫైర్ రివాల్వర్లు పుట్టుకొచ్చాయి. కోల్ట్ కంపెనీ కూడా తన పాయింట్ 22 ఓపెన్ టాప్‌ని 1871లో, న్యూ లైన్ వరుసని 1873లో తెచ్చింది.

భీమిలి నుంచి ఒకాయన పంపిన ఫోటోలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. సిలిండర్ మొత్తం చాక్లెట్ రంగులో ఉంది, అక్షరమన్నది లేదు. "టార్చిని పై నుంచి వేయకండి బాబూ, బల్లకి ఆనించి పక్కగా వేసి, సిలిండర్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ తీయండి" అన్నాను. మూడో ఫోటోలో ఏప్రిల్ 3, 1855 వచ్చింది. అయిదో దాంట్లో జులై 5, 1859. ఆ తర్వాత డిసెంబర్ 18, 1860. మూడు తేదీలూ వరసగా. మూడో తేదీ ఉందంటే ఆ సిలిండర్ 1860 డిసెంబర్‌కి ముందుది కాదని తేలిపోయింది. పేటెంట్ తేదీ చెప్పేది ఇదే: ఈ వస్తువు అంతకు ముందుది కాదు అని. అంతకు తర్వాత ఎప్పటిదన్నది మిగతా గుర్తులు చెప్పాలి.

ఇంకో జాగ్రత్త. వైట్ పేటెంట్‌ని కాదని రివాల్వర్లు చేసి కోర్టులో ఓడిపోయిన కంపెనీలు కొన్ని, తమ సరుకు మీద "స్మిత్ అండ్ వెస్సన్ కోసం చేసినది" అని ముద్ర వేయాల్సి వచ్చింది. ఆ ముద్ర ఉన్నది స్మిత్ అండ్ వెస్సన్ తయారీ కాదు. అయితే చరిత్ర ఇష్టపడేవాళ్లు వాటిని వెతికి మరీ కొంటారు.

ఏ సైజు తూటాదో ఎలా కొలవాలి?

ఛాంబర్ ఖాళీ అని ఖాయమయ్యాకే కొలవాలి. ప్లాస్టిక్ వెర్నియర్ (లావు కొలిచే పరికరం) వాడండి, స్టీలుదైతే గీత పడుతుంది. పాత రిమ్‌ఫైర్ తూటాల్లో గుండు, డొక్కు ఒకే లావు కాబట్టి ఛాంబర్ కొలతే మీకు దారి చూపిస్తుంది. పాయింట్ 22కి దాదాపు 5.7 మిల్లీమీటర్లు, పాయింట్ 30కి 7.3, పాయింట్ 32కి 8, పాయింట్ 38కి 9.5, పాయింట్ 41కి 10.3, పాయింట్ 44 హెన్రీకి 11.3 దరిదాపుల్లో వస్తుంది. తుప్పు తిన్న ఛాంబర్ కొంచెం అటూ ఇటూ చూపిస్తుంది, కాబట్టి రెండు మూడు ఛాంబర్లు కొలవండి. తర్వాత ఛాంబర్లు లెక్కపెట్టండి. చిన్న రివాల్వర్లలో పాయింట్ 22కి ఏడు, అంతకంటే పెద్ద సైజులకి ఎక్కువగా ఐదు ఉంటాయి.

కంపెనీ పేరు లేదు, పైన "బ్లూ జాకెట్" అనో "డిఫెండర్" అనో ఏదో ఉంది. ఇదేం కంపెనీ?

అది కంపెనీ పేరు కాదు, సరుకు పేరు. 1870ల నుంచి అమెరికా ఫ్యాక్టరీలు చవక రివాల్వర్లు లక్షల్లో చేసి, దుకాణదారు ఏ పేరు అడిగితే ఆ పేరు కొట్టి పంపేవి. బ్లూ జాకెట్ హాప్కిన్స్ అండ్ అలెన్ వాళ్లది, డిఫెండర్ ఐవర్ జాన్సన్ వాళ్లది. ఒకే ఫ్యాక్టరీ డజన్ల పేర్లతో అమ్మింది.

పేరే లేకపోతే సిలిండర్ వెనక వైపు, ఫ్రేము మీద చిన్న చిన్న ముద్రలు వెతకండి. కోడిగుడ్డు ఆకారంలో గీత, అందులో ఈ, ఎల్, జీ అనే ఇంగ్లిష్ అక్షరాలు, కింద నక్షత్రం ఉంటే బెల్జియంలోని లియేజ్ తుపాకుల పరీక్షశాల ముద్ర అది. పైన కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది, లేకపోతే అంతకు ముందుది. ఒకదాన్నొకటి దాటే రెండు రాజదండాలు, పైన కిరీటం ఉంటే బర్మింగ్‌హామ్ ముద్ర. ఈ ముద్రలు ఎక్కడ పరీక్షించారో చెబుతాయి గానీ ఎవరు చేశారో చెప్పవు. అమెరికా రివాల్వర్‌ని ఇంగ్లండ్‌లో అమ్మాలంటే అక్కడ మళ్లీ పరీక్ష చేసి ముద్ర వేసేవారు.

కలకత్తా మాంటన్ అనో, రోడ్డా అనో చెక్కి ఉంటే అది అమ్మిన దుకాణం. ఆ పేరు ఉండటం మంచిదే. వస్తువు ఈ దేశంలోకి ఎలా వచ్చిందో చెప్పే సాక్ష్యం అది.

సీరియల్ నంబరు కనిపించడం లేదు.

పిడి అడుగున చూడండి. అక్కడ లేకపోతే పిడి చెక్కల కింద ఉండొచ్చు, కానీ దానికోసం స్క్రూ విప్పొద్దు. ఇంట్లో స్క్రూడ్రైవర్ ఆ సన్నని గాడిలో సరిగ్గా కూర్చోదు. ఒక్కసారి జారితే స్క్రూ తల చెడిపోతుంది, ఆ గీత జన్మలో పోదు. అలవాటున్నవాళ్లు విప్పితే చెక్క లోపలి వైపు కూడా నంబరు కనిపించవచ్చు. అది, ఫ్రేము మీదిది ఒకటే అయితే పిడి మొదటినుంచీ దానిదే.

నకిలీదా, నాటుదా అని అనుమానం.

అక్షరాలు ముందు చూడండి. అసలైన వాటిలో అక్షరం లోహంలోకి దిగి ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. అచ్చు పోసి చేసిన అలంకారపు వస్తువులో అక్షరం మెత్తగా, అరిగిన సబ్బు మీద పేరులా ఉంటుంది. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ కనిపించిందంటే ఆ స్క్రూ మటుకు 19వ శతాబ్దానిది కాదు. ఛాంబర్లు ఖాళీ అని పోలీసులో డీలరో చూసి చెప్పాక, బ్యారెల్ తీసి పక్కన పెట్టి లోపలికి చూస్తే మెలి తిరిగిన గాడులు కనిపించాలి. నున్నగా గొట్టంలా ఉంటే అనుమానించాల్సిందే. నాటు తుపాకి అని తేలితే అది పూర్తిగా పోలీసుల సంగతి, విలువ అనే మాటే లేదు.

ఇంత దూరపు వస్తువు మన విశాఖకి ఎలా వచ్చింది?

1878 ఆయుధాల చట్టం భారతీయులకి లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపా వాళ్లకీ ఆంగ్లో ఇండియన్లకీ మినహాయింపు ఇచ్చింది. 1890లలో మద్రాసు, కలకత్తాల మధ్య రైలు మార్గం వాల్తేరు మీదుగా పడింది. రైల్వే వాళ్లు, కంపెనీ ఏజెంట్లు, ఓడల మీద వచ్చినవాళ్లు ఇలాంటి జేబు రివాల్వర్లు ఉంచుకునేవారు. వెళ్లిపోయేటప్పుడు సామాన్లతో పాటు అమ్మేసి, ఇచ్చేసి వెళ్లారు. జమీందారీ ఇళ్లలోవి ఇంకో దారిన వచ్చాయి.

## లైసెన్సు సంగతి

వందేళ్లు దాటిన దానికి లైసెన్సు అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

వయసు ఒక్కటే చాలదు. 1959 చట్టంలోని 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఇస్తుంది, నిజమే. కానీ ఆ ఆయుధం ఇప్పుడు గానీ, రిపేరు చేయించినా గానీ తుపాకిగా పనికిరానిదై ఉండాలి అన్న షరతు అందులోనే ఉంది. మీ రివాల్వర్ హామర్ పడుతుంటే, సిలిండర్ తిరుగుతుంటే ఆ షరతు తీరదు.

2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ నిబంధనలు మార్చి, క్యూరియో అంటే పురాతన అపురూప వస్తువుల కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలు కొనడానికి, ఉంచుకోవడానికి భారత పౌరులకి లైసెన్సు అక్కర్లేదంది. అయితే వాడాలన్నా, వెంట తీసుకెళ్లాలన్నా, ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలించాలన్నా లైసెన్సు కావాలి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. వార్తలో మొదటి సగం చదివి రెండో సగం వదిలేస్తున్నారు. మీది క్యూరియో అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి. లైసెన్సింగ్ అధికారికి దరఖాస్తు పెట్టి, ఆ మాట కాగితం మీద తీసుకోండి.

తాతగారి పేరున లైసెన్సు ఉండేది. నా పేరు మీదికి మారుతుందా?

దానంతట అది మారదు, మీరు కొత్తగా దరఖాస్తు పెట్టాలి. వారసుడికి లైసెన్సు ఇవ్వడానికి 2016 ఆయుధాల నిబంధనల్లో వీలు ఉంది. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే, వారసత్వంగా వచ్చినా లెక్క అంతే. పాత లైసెన్సు పుస్తకం చిరిగిపోయినా, చెదలు పట్టినా పారేయకండి. అది చట్టానికి సాక్ష్యం, రివాల్వర్ చరిత్రకీ సాక్ష్యం.

విశాఖలో ఎవరిని కలవాలి?

కమిషనరేట్ పరిధిలో ఉంటే పోలీస్ కమిషనర్, బయట ఉంటే జిల్లా కలెక్టర్. మొదలు పెట్టేది మాత్రం మీ ఇంటికి దగ్గరి స్టేషన్ నుంచే.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడికి పంపిస్తే మంచి ధర వస్తుందిగా?

పంపకండి. వందేళ్లు దాటిన కళా, చారిత్రక వస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 పురావస్తు చట్టం నిషేధించింది. ఆయుధాల చట్టం, కస్టమ్స్ అదనం. 1898 దాకా తయారైనది అమెరికా ఫెడరల్ చట్టంలో యాంటిక్ అవుతుంది, కానీ అది వాళ్ల చట్టం. మన ఎయిర్‌పోర్టులో అది పనికిరాదు.

## విలువ

సూటిగా చెప్పండి, ఎంత వస్తుంది?

సూటిగానే చెబుతాను. మన దేశంలో దీనికి బహిరంగ మార్కెట్ లేదు. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అమ్మేవాడికి హక్కు ఉండాలి. కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే డాలర్లని రూపాయల్లోకి మార్చి గుణించుకోవద్దు. అమెరికా మార్కెట్‌లో మామూలు చవక రకం స్పర్ ట్రిగ్గర్ రివాల్వర్ వంద నుంచి మూడొందల డాలర్ల దగ్గర ఆగుతుంది. స్మిత్ అండ్ వెస్సన్ రెండో, మూడో ఇష్యూలు మామూలు స్థితిలో కొన్ని వందల డాలర్లు. మొదటి ఇష్యూ మంచి స్థితిలో ఉంటే వేలల్లోకి వెళుతుంది. "లక్షలు పలుకుతుంది" అని ఎవరైనా ఫోన్‌లో చెబితే, ఆయన దగ్గర కొనే లైసెన్సు ఉందేమో అడగండి.

కండిషన్‌ని ఎలా చెబుతారు?

అమెరికాలో పాత ఆయుధాలకి ఒక కొలబద్ద ఉంది, నేనూ దాన్నే వాడతాను. భాగాలన్నీ అసలువై, మొదటి పూత 80 శాతానికి పైగా మిగిలి ఉంటే ఎక్సలెంట్. 30 శాతానికి పైగా ఉంటే ఫైన్. అంతకంటే తక్కువ ఉన్నా భాగాలు అసలువై, గుర్తులు స్పష్టంగా ఉంటే వెరీ గుడ్. తర్వాత గుడ్, ఫెయిర్, పూర్. మన ఊళ్లో బయటపడేవి ఎక్కువగా గుడ్, ఫెయిర్ మధ్యే ఉంటాయి. సముద్రం పక్కన వందేళ్లు గడిపిన ఇనుము అది.

పాలిష్ చేయించి మెరిసేలా చేస్తే ధర పెరుగుతుందా?

పడిపోతుంది, సగానికి సగం పడిపోతుంది. ఈ ఒక్క జవాబు మీ చుట్టాలందరికీ చెప్పండి. హుద్‌హుద్ తర్వాత, 2014 అక్టోబర్‌లో, వన్‌టౌన్‌లో నీళ్లు చేరిన ఒక ఇంట్లో పాయింట్ 32 రివాల్వర్ ఒకటి బయటపడింది. పాత లైసెన్సు ఉన్నదే. నేను చూసే సరికే ఆ ఇంటి కుర్రాడు, తుప్పు చూసి గాభరాపడి, ఒక పాలిష్ షాపులో బఫింగ్ చేయించేశాడు. అద్దంలా మెరుస్తోంది. బ్యారెల్ పై చారలో కంపెనీ పేరు ఉండాల్సిన చోట వేలితో తడిమాను. నున్నగా ఉంది. ఒక్క అక్షరం సగం మాత్రం, చివర్లో, గోరుకి తగిలింది. మెరుగు పోయినా తుప్పు పట్టినా ఆ పేరు మిగిలేది. పాలిష్ దాన్ని తినేసింది. ఆ అబ్బాయి మొహం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. మంచి చేద్దామనే చేశాడు పాపం.

ఇత్తడి ఫ్రేముకి చింతపండు కూడా వద్దు. బిందెకి తోమినట్టు తోమితే మిగిలిన కాస్త వెండి పూతా పోతుంది.

ఇది అల్లూరి సీతారామరాజు దళం వాళ్లదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ధర పెరుగుతుందా?

ఆ మాట మీద నాకూ గౌరవం ఉంది. మన్యంలో 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగాయి, ఆయుధాలు దళం చేతికి వెళ్లాయి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకి ఆ జ్ఞాపకాలతో చుట్టరికం ఉంది. కానీ ధర విషయంలో, కాగితం లేని కథకి విలువ కట్టరు. ఉత్తరం, లైసెన్సు పుస్తకం, ఆ కాలపు ఫోటో, కోర్టు కాగితం ఏదైనా ఆ రివాల్వర్‌నీ ఆ మనిషినీ కలపాలి, సీరియల్ నంబరుతో కలిపితే ఇంకా గట్టిది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ రోజే కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయండి. రేటు కోసం కాదు, ఆ జ్ఞాపకం పోకుండా ఉండటం కోసం.

కంపెనీ నుంచి ఏదైనా కాగితం తెప్పించుకోవచ్చా?

స్మిత్ అండ్ వెస్సన్ చరిత్ర చూసే ఫౌండేషన్, కోల్ట్ ఆర్కైవ్స్ సీరియల్ నంబరు పంపితే రుసుము తీసుకుని పాత రికార్డులు చూసి ఉత్తరం ఇస్తాయి. చవక రకాలకి అలాంటి ఆశ పెట్టుకోవద్దు.

వాట్సాప్ గ్రూపులో పెట్టి అమ్మొచ్చా?

వద్దు. లైసెన్సున్న ఆయుధాన్ని ఇంకో లైసెన్సుదారుడికి అమ్మాలన్నా, ముందుగా లైసెన్సింగ్ అధికారికో దగ్గరి స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. లైసెన్సున్న డీలర్ ద్వారా వెళ్లడం అన్నిటికంటే సుఖం.

## ఉంచుకునేవాళ్లకి

మన ఉప్పు గాలికి తుప్పు పట్టకుండా ఎలా?

తోలు ఒరలో ఉంచకండి. తోలు చెమ్మని పట్టి లోహానికి అంటిస్తుంది, ఒర ఆకారంలోనే తుప్పు వస్తుంది. ఉతికిన మెత్తని నూలు గుడ్డ మీద రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి, లోహానికి మాత్రం పల్చగా పూయండి. పిడి చెక్కకి తగలనివ్వొద్దు. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్లకి జిగురులా గడ్డకడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. వట్టి చేత్తో ముట్టుకుంటే చెమటలోని ఉప్పు చాలు, వారంలో వేలిముద్ర తుప్పుగా తేలుతుంది. డబ్బా మాత్రం తాళం వేసే బీరువాలోనే ఉండాలి.

లైసెన్సు ఉంది. ఒక్కసారి పేల్చి చూస్తే?

దయచేసి వద్దు. ఇవి పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) కోసం, ఆనాటి మెత్తని ఇనుముతో, ఇత్తడితో చేసినవి. పాయింట్ 22 తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి, పొట్టి రకం లోపల పడుతుంది కూడా. కానీ నేటి మందు ఒత్తిడికి 160 ఏళ్ల సిలిండర్ చీలితే ఆ ముక్క మీ అరచేతిలోకో పక్కవాడి కంట్లోకో వెళుతుంది.

ఎన్నికలప్పుడు దీన్ని కూడా జమ చేయాలా?

లైసెన్సు మీద ఉంటే, స్టేషన్ నుంచి జమ చేయమని పిలుపు వచ్చినప్పుడు చేయాల్సిందే. పాతది కదా అని వదలరు. ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫోటో తీసి, గుడ్డలో చుట్టి, డబ్బాతో సహా ఇవ్వండి. తిరిగి తీసుకున్న రోజే తుడిచి నూనె పూయండి.

మా తర్వాత చూసేవాళ్లు లేరు. మ్యూజియంకి ఇచ్చేయొచ్చా?

ఇవ్వొచ్చు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖ ఉంది. తీసుకుంటారో లేదో ముందు ఉత్తరం రాసి అడగండి, లైసెన్సింగ్ అధికారి అనుమతి కాగితం కలిపి పెట్టండి. ఇచ్చేటప్పుడు రివాల్వర్ ఒక్కటే ఇవ్వకండి. అది దొరికిన పెట్టె ఫోటో, పాత లైసెన్సు పుస్తకం, ఇంట్లో చెప్పుకునే కథ రాసిన కాగితం కూడా కలిపి ఇవ్వండి.